బీరువా వెనక గోడ

వానాకాలం మధ్యలో బీరువాను జానెడు ముందుకు లాగి చూడండి. వెనక గోడ మీద నల్లటి చుక్కలు, అక్కడక్కడా పచ్చటి పొడి కనిపిస్తాయి. అదే బూజు. ఎదుటి గోడ మాత్రం శుభ్రంగా ఉంటుంది. రెండింటికీ అదే రంగు, అదే గాలి. కాకపోతే బీరువా వెనక గాలి ఆడదు, ఆ గోడ కాస్త చల్లగా ఉంటుంది.

ఆ 'కాస్త'లోనే ఉంది అసలు సంగతి. బూజు సిద్ధబీజాలు, అంటే కంటికి కనిపించని దాని విత్తనాల్లాంటివి, గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వాటిని ఆపలేం. దుమ్ము, పెయింటు, తోలు, గుడ్డ ఏదైనా వాటికి తిండే. మన చేతిలో ఉన్నది నీళ్లు దొరక్కుండా చేయడమొక్కటే. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే చాలు, గోడ తడిగా కనిపించకపోయినా బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఆగస్టులో గదిలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మామూలే. ఆ గాలి 28 డిగ్రీల గోడను తాకి చల్లబడితే అక్కడ తేమ 90 శాతానికి చేరుతుంది. గోడ 26కి దిగిందంటే ఇక నీటి బొట్లే. పక్క గదిలో ఏసీ 20లో పెట్టి రాత్రంతా నడిపితే మధ్య గోడకు ఇవతలి వైపు జరిగేది ఇదే. అందుకే బీరువాను ఆ గోడకు మాత్రం ఆనించకండి. ఏ గోడకైనా నాలుగంగుళాల సందు వదలండి.

కడిగే ముందు తడి ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోవాలి. అడుగు చదరం పాలిథీన్ కవరును గోడకు పెట్టి, నాలుగంచులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు చెమ్మ చేరితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి: పైపు లీకో, బయటి గోడ పగులో, స్లాబో. అది బాగుచేయకుండా ఎన్నిసార్లు రుద్దినా వృథా. బయటి వైపు చెమ్మ పడితే అది గదిలోని తేమే. గోడ అడుగున తెల్లగా పొంగేది చాలాసార్లు బూజు కాదు, ఉప్పు. నీటి చుక్క వేస్తే కరిగిపోతుంది.

ఎండిన బూజును చీపురుతో దులపకండి, సిద్ధబీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని, తలుపు మూసి కిటికీ తెరిచి, ముందు నీళ్లు చిలకరించండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోకూడదు. లీటరు నీళ్లలో చెంచాడు బట్టల సబ్బుపొడి కలిపి రుద్ది తుడవండి. టైల్స్ సందుల్లో మరక మిగిలితే లీటరు నీళ్లకు 60 మిల్లీలీటర్ల బ్లీచు కలిపి రాసి, పది నిమిషాలాగి కడిగేయండి. బ్లీచులో బాత్రూం క్లీనింగ్ యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమ్మోనియా కలిసినా విషవాయువులే. ఆ పొరపాటు ఒక్కసారి కూడా జరగకూడదు.

పుట్టీ గోడకు బ్లీచు అంతగా పనిచేయదు. పైన బూజు రంగు పోతుంది, నీళ్లు మాత్రం లోపలికి ఇంకుతాయి, లోపలి బూజు పోగులు బతికే ఉంటాయి. పొట్టులా లేస్తున్న పుట్టీని గట్టి ప్లాస్టర్ తగిలేదాకా గీకేసి, పూర్తిగా ఆరాకే ప్రైమరు వేయాలి. బూజు మీదే పెయింటు వేస్తే మరుసటి వానాకాలానికి పొక్కులొస్తాయి. పాత ఇళ్లలో సంక్రాంతికి వేసే సున్నం ఇందుకు మంచి విరుగుడు. తాజా సున్నపు క్షారంలో బూజు బతకలేదు. గాలి తగిలేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది, కాబట్టి ఏటా వేయాల్సిందే.

వాన రోజుల్లో గదిలో బట్టలు ఆరేస్తే లీటరు రెండు లీటర్ల నీరు గాల్లోకి చేరుతుంది. ఫ్యాను వేసి కిటికీ తీయండి, లేదా ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. ఎండాకాలం కూలర్‌ను జూలైలో నడపకండి. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటరు ఒకటి కొనండి, 60 శాతం లోపు ఉంటే నిశ్చింత.

బీరువాలో కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయి గానీ తేమను పీల్చవు. ఆ పని కాల్షియం క్లోరైడ్ డబ్బాది. అది తేమను పీల్చగా డబ్బా అడుగున చేరిన నీరు బట్టల మీద ఒలికితే ఆరదు, తోలును పాడుచేస్తుంది. కాబట్టి డబ్బాను కింది అరలో, పట్టుచీరలకు దూరంగా పెట్టండి.