ఎవరి డబ్బుకు పాడుతున్నాం? స్టేజ్ షోల లైన్‌లో అపోహలు, వాస్తవాలు

పద్నాలుగేళ్ళుగా సింగర్లకు, ఆర్కెస్ట్రాలకు షోలు బుక్ చేసే పనిలో ఉన్నాను. హైదరాబాద్ సంగీత్ ఫంక్షన్ల దగ్గర్నుంచి దుబాయ్, సింగపూర్, డాలస్ దాకా. ఈ మధ్య ఈ లైన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఒకటే అడుగుతున్నారు: జనాన్ని అణచివేసే ప్రభుత్వం పిలిస్తే వెళ్ళొచ్చా అన్నా అని. దీనికి సీనియర్లు కొన్ని రెడీమేడ్ జవాబులు చెబుతుంటారు. కొన్నాళ్ళు నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మను.

అపోహ: కళాకారుడికి రాజకీయాలతో పనేంటి? పాడి వచ్చేయడమే.

వాస్తవం: దక్షిణాఫ్రికా సన్ సిటీ కథ తెలిస్తే ఈ మాట అనలేం. అక్కడి వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతి వాళ్ళను సొంత దేశంలోనే పరాయివాళ్ళను చేయడానికి కొన్ని ప్రాంతాలకు విడిగా గీతలు గీసి, వాటికి స్వాతంత్ర్యం ఇచ్చేశామని ప్రకటించింది. అలా 1977లో 'దేశం' అయిన బొఫుథత్స్వానాలో 1979లో తెరిచిన రిసార్టే సన్ సిటీ. క్యాసినో, హోటళ్ళు, పెద్ద ఇండోర్ స్టేడియం. ఆ 'దేశాన్ని' బయటి ప్రపంచంలో ఎవరూ గుర్తించలేదు. అందుకే వాళ్ళకు పెద్ద పెద్ద సింగర్లు కావాల్సొచ్చింది. ఫ్రాంక్ సినాట్రా వచ్చి పాడాడంటే ఇది మామూలు దేశమేనని నమ్మించడం తేలిక కదా. ఆ నమ్మకానికే అంత రేటు కట్టారు.

దక్షిణాఫ్రికాకు వెళ్ళొద్దని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1980 డిసెంబరులోనే కళాకారులను కోరింది. అయినా 1981లో సినాట్రా వెళ్ళాడు. 1984లో క్వీన్ బ్యాండ్ వెళ్ళింది, మాకు రాజకీయాలు లేవు అంది. బ్రిటన్ సంగీతకారుల యూనియన్ వాళ్ళకు జరిమానా వేసింది, మాట వినకుండా వెళ్ళినవాళ్ళ ఐక్యరాజ్యసమితి జాబితాలో పేరు ఎక్కింది. మరుసటి ఏడాది స్టీవెన్ వాన్ జాంట్ అనే గిటారిస్టు యాభై మందికి పైగా కళాకారులను పోగుచేసి, సన్ సిటీలో పాడబోమని ఒక పాటే రికార్డు చేయించాడు. దాని మీద వచ్చిన 10 లక్షల డాలర్లకు పైగా సొమ్ము వివక్షకు వ్యతిరేకంగా పోరాడేవాళ్ళకు వెళ్ళింది. రాజకీయాలు మాకెందుకు అన్నవాళ్ళకు జవాబు చెప్పింది సాటి కళాకారులే. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే సంగతి అది.

అపోహ: అసలు పిలిచింది ఎవరో మాకు తెలీదండీ.

వాస్తవం: ఒక్కోసారి నిజంగానే తెలీదు, ఎందుకంటే తెలియకుండానే ఏర్పాటు చేస్తారు. పాలకుడి ఇంటివాళ్ళు ఒక ఈవెంట్ కంపెనీకి చెబుతారు, వాళ్ళు ఒక మధ్యవర్తికి, అతను ఏజెన్సీకి, ఏజెన్సీ మేనేజర్‌కి. సింగర్ చేతికి వచ్చే అగ్రిమెంట్‌లో చివరి పేరు ఒక్కటే ఉంటుంది. లిబియా నియంత గడాఫీ కుటుంబం ఇచ్చిన పార్టీలో పాడిన మరియా కేరీ, ఎవరి కోసం బుక్ చేశారో నాకు తెలియలేదని 2011లో చెప్పుకుంది. జెన్నిఫర్ లోపెజ్ 2013లో తుర్క్‌మెనిస్తాన్‌లో పాడింది. ఒక చైనా చమురు కంపెనీ ఈవెంట్ అనుకుని వెళ్ళామని, దేశాధ్యక్షుడికి బర్త్‌డే శుభాకాంక్షలు చెప్పమని చివరి నిమిషంలో అడిగారని ఆమె టీమ్ అంది.

ఈ రెండో సంగతి చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. నాకూ అలాంటి ఫోనే వచ్చింది మరి. విదేశంలో ప్రైవేట్ ఫంక్షన్, నలభై నిమిషాలు, మా సింగర్ మామూలు రేటుకు మూడింతలు, అది కూడా మొత్తం ముందే. మా లైన్‌లో సగం అడ్వాన్స్ రాబట్టడానికే తల ప్రాణం తోకకొస్తుంది, అందుకే ఆ 'మొత్తం ముందే' దగ్గర ఆగాను. అగ్రిమెంట్‌లో క్లయింట్ దగ్గర ఏదో కంపెనీ పేరు ఉంది. ఏడో పాయింట్‌లో, నిర్వాహకులు సూచించిన అతిథికి స్టేజీ మీద నుంచి పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పాలి, ఫోటోలు దిగాలి అని ఉంది. ఆ అతిథి ఎవరండీ అని అడిగాను. "అవన్నీ మీకెందుకు సార్, పేమెంట్ వచ్చేస్తుంది కదా" అన్నాడు కోఆర్డినేటర్. మూడు రోజుల్లో మూడుసార్లు అడిగాను, పేరు మాత్రం చెప్పలేదు. డేట్ వదిలేశాం.

తెలుసుకోవాలనుకుంటే దారులు ఉన్నాయి. డబ్బు ఏ అకౌంట్ నుంచి వస్తోంది, వీసాకి ఇన్విటేషన్ లెటర్ ఎవరు ఇస్తున్నారు, ముందు వరసలో ఎవరు కూర్చుంటారు, ఫోటోలు ఎవరు వాడుకుంటారు. ఈ నాలుగూ అడిగి జవాబు రాకపోతే, ఆ రాకపోవడాన్నే జవాబుగా తీసుకోండి.

అపోహ: తర్వాత ఆ డబ్బు దానం చేసేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఉంచుకోవడం కన్నా ఇచ్చేయడం నయమే, కాదనను. 2007లో ఇటలీలో ఒక హోటల్లో గడాఫీ కుటుంబానికి 45 నిమిషాలు పాడి 10 లక్షల డాలర్లు తీసుకున్న నెల్లీ ఫర్టాడో, ఆ మొత్తం దానం చేస్తానని 2011లో తానే బయటపెట్టింది. అప్పటికి లిబియాలో జనం మీద తుపాకులు పేలుతున్నాయి. మధ్యలో గడిచిన నాలుగేళ్ళను ఏ చెక్కూ వెనక్కి తేలేదు.

అపోహ: మనం వెళ్తేనే కదా అక్కడ మార్పు వచ్చేది.

వాస్తవం: దీంట్లో కొంత నిజం ఉంది, అందుకే ఇది తేల్చడం కష్టం. ఆ దేశపు మామూలు జనం ఏ తప్పూ చేయలేదు, వాళ్ళకు పాట ఎందుకు దూరం చేయాలి? గల్ఫ్‌నే తీసుకోండి. నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమ నుంచి వెళ్ళి ఎండలో పనిచేసే మనవాళ్ళ కోసం తెలుగు సంఘాలు పెట్టే షోకి నేను సంతోషంగా ట్రూప్‌ను పంపుతాను. టికెట్ కొనేది వాళ్ళు, చప్పట్లు కొట్టేది వాళ్ళు. ప్రభుత్వమే పేరు కోసం డబ్బు పోసి పెట్టే పండుగ వేరు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో సౌదీ రాజధాని రియాద్‌లో జరిగిన కామెడీ ఫెస్టివల్ చూడండి. తనకు వచ్చిన ఆఫర్‌లోని షరతులను అట్సుకో ఒకట్సుకా అనే కమెడియన్ బయటపెట్టింది: దేశాన్ని, రాజకుటుంబాన్ని, మతాన్ని కించపరిచేలా ఏమీ అనకూడదు. ఆమె వెళ్ళలేదు. సౌదీ ప్రభుత్వ మనుషుల చేతిలో జర్నలిస్టు జమాల్ ఖషోగ్గి హత్య జరిగి సరిగ్గా ఏడేళ్ళు నిండిన అక్టోబరు 2 కూడా ఆ పండుగ రోజుల్లోనే వచ్చింది. ఆ హత్య గురించి స్టేజీ మీద ఒక్క ముక్క మాట్లాడే వీలు లేనప్పుడు, మార్పు తేవడానికే వెళ్ళామని ఎలా అంటాం?

అపోహ: ఇవన్నీ బయటి దేశాల గొడవలు.

వాస్తవం: ఎమర్జెన్సీని మర్చిపోయామా? ప్రభుత్వ ప్రచారానికి పాడనన్నందుకు 1976 మేలో కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఆపేశారు. రేడియోనే లోకంగా ఉన్న రోజుల్లో సింగర్‌కు అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది! ఇక నటి స్నేహలతా రెడ్డి, మన నెల్లూరు కవి పట్టాభిరామిరెడ్డి గారి భార్య. ఆమెను బెంగళూరు జైల్లో పెట్టారు. ఆస్తమాతో నరకం చూసింది. పెరోల్ మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే, 1977 జనవరి 20న చనిపోయింది. నా టీమ్‌లో చేరే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఆమె గురించి చెబుతాను.

అపోహ: కాదంటే పస్తులే.

వాస్తవం: పెద్ద సింగర్‌కు ఒక షో పోతే ఒక షో పోయినట్టే. ప్యాడ్స్ వాయించే కుర్రాడికి, కోరస్ అమ్మాయికి ఆ నెల అద్దె పోతుంది. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఆ బరువు వాళ్ళ మీద వేయకూడదు కూడా. సంతకం చేసేది పైనున్నవాళ్ళు కాబట్టి నష్టం కూడా వాళ్ళే భరించాలి. నేను చెప్పిన ఆ డేట్ వదిలేసిన రోజు మా సింగర్ ట్రూప్‌లోని పదకొండు మందికీ సగం పేమెంట్ తన జేబులోంచి ఇచ్చాడు, మిగతా సగం నేను వేశాను. అప్పటి నుంచి మా అగ్రిమెంట్లలో ఒక లైను ఉంటుంది: డబ్బు ఇచ్చే అసలు వ్యక్తి పేరు రాతపూర్వకంగా ఇచ్చాకే డేట్ బ్లాక్ చేస్తాం.