నెట్‌లో ఉందట, దొరకదు: తెలుగు డిజిటల్ గ్రంథాలయాల పూర్వాపరాలు

2007 నవంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఒక లెక్క ప్రకటించింది. మిలియన్ బుక్ ప్రాజెక్టులో అప్పటికి 15 లక్షల పుస్తకాలు స్కానయ్యాయి. చైనా భాషవి 9.7 లక్షలు, ఇంగ్లీషువి 3.6 లక్షలు. మూడో చోటు తెలుగుది, సుమారు 50 వేలు. అరబిక్ కూడా మన వెనకే. ఇంత సరుకు నెట్‌లోకి చేరినా పరిశోధక విద్యార్థుల నోట ఇప్పటికీ వినబడే మాట ఒకటే: "ఉందంటారు గానీ ఎంత వెతికినా దొరకలేదు." స్కాన్ చేసిన పుస్తకం ఎందుకు దొరకదో తెలియాలంటే దాన్ని ఎలా స్కాన్ చేశారో, చేశాక ఏ పేరు పెట్టారో, అసలు దేన్ని స్కాన్ చేయకుండా వదిలేశారో చూడాలి.

ఈ పథకానికి మూలపురుషుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సొమ్ముతో స్కానర్లు వచ్చాయి, మనుషుల జీతాలూ చోటూ భారత ప్రభుత్వం చూసుకుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ముఖ్య కేంద్రాలు. ఇక్కడి విభాగం పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్ఐ). హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉండబట్టీ, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం లాంటి నిండు బీరువాలు దగ్గర్లో ఉండబట్టీ తెలుగుకు అంత వాటా దక్కింది.

స్కాన్ చేసిన తీరుకు అప్పటి డిస్కుల ధరే కారణం. డెమ్మీ సైజు పుట ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల పొడవు. దాన్ని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో తీస్తే, కుదించకముందు పుటకు 12 ఎంబీ దాటుతుంది. 200 పుటల పుస్తకం రెండున్నర జీబీ. అంత చోటు ఆ రోజుల్లో ఎక్కడిది? అందుకని 600 డీపీఐలో నలుపు, తెలుపు రెండే రంగులుగా టిఫ్ అనే బొమ్మ ఫైళ్ళు తీశారు. కుదిస్తే పుట 100 కేబీకి అటూ ఇటూ వస్తుంది. అదే పుస్తకం 20 ఎంబీలో సరిపోతుంది, ఒక సీడీలో ముప్ఫై పైగా పడతాయి.

అక్షరాల వరకు ఈ పద్ధతి బాగానే పనిచేసింది. బొమ్మల దగ్గరే దెబ్బతింది. బూడిద రంగు ఛాయలకు చోటు లేదు కాబట్టి చుక్కల బ్లాకుతో అచ్చయిన ఫొటో నల్లటి మసిముద్దగా మిగిలింది. పసుపుబారిన కాగితం ఒక్కోచోట పుట అంచు నుంచి నల్లగా కమ్ముకొచ్చి సగం పాదాన్ని మింగేసింది. లావుపాటి పుస్తకాల్లో కుట్టు పక్కనున్న అక్షరాలు వంపు తిరిగి పోయాయి. రెండు పుటలు అంటుకుని ఒక్కటిగా తిరిగితే మధ్యలో రెండు పుటలు గల్లంతు. పుటసంఖ్య సరిచూసే మనిషి లేనిచోట ఆ సంగతి పదేళ్ళ తర్వాత చదువరికి గానీ బయటపడలేదు.

అంతకంటే పెద్ద చిక్కు పేర్లది. పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, పుటలు, గ్రంథాలయం: ఈ వివరాలను మెటాడేటా అంటారు. పాత కార్డు క్యాటలాగుకు మనవరాలు అనుకోండి. డీఎల్ఐలో తెలుగు పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో ఎక్కించారు. దీర్ఘానికి ఒకరు అక్షరం రెండుసార్లు కొట్టారు, ఒకరు ఒక్కసారితో సరిపెట్టారు. సున్నాకు ఒకచోట ఎన్, ఇంకోచోట ఎమ్, మరోచోట మధ్యలో కామా లాంటి గుర్తు. "ఆంధ్ర" అనే ఒక్క మాటకే నాలుగైదు రూపాలు. ఇంటిపేరు ఒక పుస్తకంలో ముందు, ఇంకో పుస్తకంలో వెనక. సంపాదకుడి పేరో, పీఠిక రాసినవారి పేరో రచయిత గడిలోకి ఎక్కిన పుస్తకాలూ ఉన్నాయి. తెలుగు లిపిలో వెతికేవాడికి ఇవేవీ తగలవు.

మొదట్లో పుస్తకం చదవడమే ఒక యజ్ఞం. పుటకొక టిఫ్ ఫైలు, చూడటానికి బ్రౌజరులో విడిగా ఒక ప్లగిన్. ఈ బాధ పడలేక కొందరు ఔత్సాహికులు పుటలన్నీ వరసగా దింపి పీడీఎఫ్‌గా కుట్టే చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. తర్వాత కాపీరైటు అభ్యంతరాలతో డీఎల్ఐ సైటే ఆగిపోయింది. అయితే 2017 నాటికి కార్ల్ మలమూద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి చేర్చింది. ఇవాళ అక్కడ "ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015" అని మొదలై, చివర ఒక అంకె ఉన్న ఫైలు కనిపిస్తే అది ఈ దారిన వచ్చిందే. పుస్తకాలతో పాటు ఆ తప్పుల పేర్లూ యథాతథంగా తరలివచ్చాయి. కాబట్టి అక్కడ వెతికేవారు పుస్తకం పేరు మొత్తం కొట్టకూడదు. పేరులో అక్షరక్రమం తడబడని ఒక్క మాటనూ, రచయిత ఇంటిపేరునూ విడివిడిగా, రెండు మూడు రోమన్ రూపాల్లో ప్రయత్నించాలి.

ఇక స్కాన్ కానివి. పథకం పేరులోనే పుస్తకం ఉంది, లెక్కా పుస్తకాలకే. దాంతో పత్రికల విడి సంచికలు, సభల ఆహ్వానాలు, బడి వార్షికోత్సవ సంచికలు, సహకార సంఘాల నివేదికలు, కరపత్రాలు, శుభలేఖలు, పంచాంగాలు ఎక్కువగా పక్కకు పోయాయి. జనం ఏం తిన్నారు, ఎంతకు కొన్నారు, ఏ రైలెక్కారు, ఏ తైలం రాసుకున్నారు అన్నది కావ్యంలో కంటే వీటిలోనే ఎక్కువ దొరుకుతుంది. సురవరం ప్రతాపరెడ్డి సాంఘిక చరిత్ర రాయడానికి కావ్యాలనే జల్లెడ పట్టి తిండి, బట్ట, ఆటపాటల ఆనవాళ్ళు ఏరుకోవాల్సి వచ్చింది, వెనకటి కాలాలకు మరో ఆధారం అంతగా మిగల్లేదు గనక. ఇరవయ్యో శతాబ్దానికి ఆ లోటు లేదు. సరుకు ఉంది, బీరువాల్లో పొడుమవుతోంది.

ఊరి సంగతులను రాసిపెట్టే పని మనకు కొత్తేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు వారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, ఇంకా ఆ బృందంలోని ఇతరులు ఊరూరా తిరిగి కరణాల నుంచి చెరువులు, గుళ్ళు, మాన్యాలు, వలసల కథలు కైఫీయత్తులుగా రాయించారు. మెకంజీ 1821లో పోయాక చెదిరిన ఆ కాగితాలకు సీపీ బ్రౌన్ నకళ్ళు ఎత్తించాడు. ఆ నకళ్ళ పుణ్యాన ఎన్నో గ్రామాల కథ మనదాకా వచ్చింది.

తర్వాతి అంకం గ్రంథాలయోద్యమానిది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల సభ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. వేటపాలెం భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు, పాత పత్రికల కోసం పరిశోధకులు నేటికీ ఆ ఊరు వెళ్తారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినవారూ సురవరమే. ఒకచోట చేర్చి పెట్టకపోతే ఉన్నవాళ్ళు కూడా లేనివాళ్ళ కింద జమ అవుతారని అప్పుడే తేలిపోయింది. డిజిటల్ ఆర్కైవులకూ అదే లెక్క.

ఈ పాత సరుకును ఎక్కించేటప్పుడు ముందుగా తప్పేది తేదీ. అట్ట మీద "శుభకృతు చైత్రం" అని మాత్రమే ఉంటే అది 1902 కావచ్చు, 1962 కావచ్చు, 2022 కూడా కావచ్చు. అరవయ్యేళ్ళకోసారి పేరు తిరిగొస్తుంది. కాగితం, అచ్చు, వెల అణాల్లో ఉందా పైసల్లో ఉందా చూసి తేల్చాలి. దశాంశ నాణేలు వచ్చింది 1957లో. చక్రం తెలిసినా ఇంకో మెలిక ఉంది: 1902 శుభకృతులో మాఘమాసపు సంచిక అంటే అది 1903లోకి వచ్చేస్తుంది, ఉగాదికి గానీ మన ఏడు మారదు కదా. నిజాం రాజ్యపు కాగితాల్లో ఫసలీ అనే సర్కారీ సంవత్సరం ఉంటుంది. అది అక్టోబరులో ఆజూరు నెలతో మొదలవుతుంది. డిసెంబరు దాకా అయితే ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి అయితే 591. అంటే 1358 ఫసలీ 1948 అక్టోబరులో మొదలైంది. మద్రాసు రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది, రెండిటినీ కలగలిపితే మూడు నెలలు తేడా కొడుతుంది. ఇన్ని ఉన్నాయి కాబట్టే అట్ట మీది తేదీని ఉన్నదున్నట్టు ఒక గడిలో, లెక్కగట్టిన క్రీస్తుశకాన్ని వేరే గడిలో రాయాలి. మొదటిది చెరిపేసి రెండోదే ఉంచితే, లెక్క తప్పిందని తెలిశాక సరిదిద్దుకునే దారి ఉండదు.

బొమ్మగా ఉన్న పుటను వెతకదగ్గ పాఠంగా మార్చేది ఓసీఆర్. ఈ పదేళ్ళలో తెలుగుకు ఇది బాగా మెరుగైంది, కొత్త పుస్తకాల మీద. సీసపు అచ్చు మీద మాత్రం ఇప్పటికీ తడబడుతుంది. అరిగిన అచ్చులో ప, వ, షలకు తేడా ఒక గీతే. "ఘనము" కాస్తా "ఫునము" అవుతుంది. "వాఁడు"లోని అరసున్నను ఇంగ్లీషు సీ అక్షరమని చదువుతుంది. పాత పుస్తకాల్లోని నకారపొల్లుకు (పొల్లు నకారానికి వాడిన ప్రత్యేక గుర్తు) కంప్యూటరు అక్షరాల ఉమ్మడి ప్రమాణమైన యూనికోడులో చోటే 2021లో దక్కింది, అంతకు ముందు ఎక్కించినవారు తలో రకంగా రాశారు. పంక్తుల మధ్య జాగా తక్కువైతే పై వరస వత్తులు కింది వరస గుడులతో కలిసిపోతాయి. పత్రికల్లో రెండు కాలమ్‌లను అడ్డంగా కలిపి చదివితే బంగారం ధర మధ్యలో సంతాప వార్త దూరుతుంది.

పాఠం నూటికి నూరుపాళ్ళు సరిగా ఉన్నా తెలుగు వ్యాకరణం ఊరుకోదు. "తండ్రి" అని వెతికితే "తల్లిదండ్రులు" తగలదు, "కాయలు" అంటే "కూరగాయలు" రావు. "రాసెను" అని వెతికేవాడికి "వ్రాసెను" కనబడదు. అనుభవం ఉన్నవారు మాటలో మారని భాగాన్నే వెతుకుతారు, "వ్రా"తో ఒకసారి, "రా"తో ఒకసారి. తెలుగు వికీసోర్సులో ఒక్కో పుటను మనిషి దిద్దాక పసుపు రంగు, రెండో మనిషి సరిచూశాక ఆకుపచ్చ రంగు వస్తాయి. నెమ్మదైన పద్ధతే, కానీ ఉటంకించడానికి నమ్మదగినవి ఆ ఆకుపచ్చ పుటలే.

విచిత్రమేమిటంటే నిన్నమొన్నటి పరిశోధనకూ ఇదే గతి. 2009 యూజీసీ నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలన్నాయి, అవి శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో చేరుతున్నాయి. అయితే అను లాంటి యూనికోడేతర ఫాంట్లలో టైపయిన తెలుగు థీసిస్ తెర మీద ముత్యాల్లా కనిపిస్తుంది, ఒక వాక్యం కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం ఊడిపడుతుంది. వెతుకులాటకు అది గుడ్డిదే. మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడులోకి తెచ్చిన ప్రతిని కూడా జతచేస్తే ఈ బెడద తీరుతుంది.

కాపీరైటు లెక్క భయపడినంత కష్టమేమీ కాదు. 1957 చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. సురవరం 1953లో మరణించారు, ఆయన రచనలు 2014 జనవరి 1న అందరివీ అయ్యాయి. చలం 1979లో పోయారు, ఆయనవి 2040 దాకా ఆగాలి. పేరు లేని రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. చిక్కల్లా వ్యాఖ్యానాలతోనూ ప్రత్యేక సంచికలతోనూ. మూలకవి ఏ శతాబ్దం వాడైనా టీకాకారుడి హక్కు వేరే నడుస్తుంది, సంచికలో వ్యాసవ్యాసానికీ వేరు లెక్క.

ఊరి గ్రంథాలయంలో ఇప్పుడు పని మొదలుపెట్టేవారికి యంత్రాలు పెద్ద అడ్డంకి కాదు. ముందు పుట మూల మడిచి చూడండి. రెండు మడతలకే విరిగితే అది ఆమ్లం తినేసిన కాగితం, బోర్లించి గాజు మీద అదమకూడదు. పుస్తకాన్ని నూరు డిగ్రీలకు మించి తెరవకుండా వాలు పలకల మీద ఆనించి, పైనుంచి కెమెరాతో తీయాలి. దీపాలు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో ఉంటే నీడ పడదు, మెరుపు రాదు. 300 డీపీఐ రంగుల్లో, చిన్న అచ్చయితే 400లో. చిరిగినచోట పారదర్శకపు టేపు అంటించొద్దు, కొన్నేళ్ళకు జిగురు పచ్చబడి అక్షరాన్ని లాగేస్తుంది. తీసిన మూలఫైళ్ళను దిద్దకుండా విడిగా దాచి, దిద్దిన ప్రతినే నెట్‌లో పెట్టాలి. మూడు నకళ్ళు, అందులో ఒకటి వేరే ఊళ్ళో. పాత సీడీలను నమ్ముకున్న చోట్ల చాలావరకు ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

అట్ట, వెనకట్ట, ప్రకటనలు, వెల, చందా వివరం, ముద్రాక్షరశాల పేరు, అన్నీ తీయాలి. ఎవరు ఏ రోజు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసిన రిజిస్టరు కనబడితే దానికి మొదటి పీట వేయండి. అచ్చయిన పుస్తకం ఇంకో ఊళ్ళో దొరకొచ్చు, ఆ రిజిస్టరు ఒక్కటే ప్రతి. అందులో పేర్లుంటాయి కాబట్టి, బతికున్నవారి కాలానికి వస్తే నెట్‌లో పెట్టకుండా భద్రపరచి, పాత సంపుటాలను మాత్రమే బయట పెట్టాలి.