డికాషన్ వయసెంత సామీ?

హైదరాబాదులో ఉండే మా బావమరిది ఏడాదికొకసారి కొండకు వస్తాడు. బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి ప్రతిసారీ ఒకటే అడుగుతాడు: "బావా, ఈసారన్నా తిరుపతిలో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందో సరిగ్గా చెప్పు." పోయినసారి నేను చెప్పిన హోటల్లో తాగొచ్చి మొహం అదోలా పెట్టాడు. ఆ హోటల్‌కు ఊళ్ళో మంచి పేరే ఉంది, నేను పొద్దున ఆరింటికి వెళ్తాను, ఒక్కరోజు కూడా వంక పెట్టాల్సిన పని పడలేదు. ఇతగాడు తాగింది మధ్యాహ్నం మూడింటికి. అదే పొడి, అవే పాలు, అదే మాస్టర్. మరి మారిందేమిటి?

నేను కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న బుర్రలో దూరి కూర్చుంది. అరబికా గొప్పదా, రొబస్టా గొప్పదా, అరకు పొడా, చిక్కమగళూరు పొడా, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి నేను పోను. ప్రయాణంలో ఉన్నవాడికి పొడి ఎంచుకునే వీలెక్కడిది? హోటల్ వాడు ఏది కలిపితే అదే తాగాలి. అయితే ఒక సంగతి మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి కళ్ళతో చూసి పట్టుకోవచ్చు. అది డికాషన్ వయసు.

ముందు డికాషన్‌కు వయసు మీదపడితే ఏమవుతుందో చూద్దాం. కాఫీ వాసన అని మనం గుర్తుపట్టేదాంట్లో పెద్ద వాటా గంధకం ఉన్న ఒక చిన్న పదార్థానిది, పేరు ఫర్ఫ్యూరైల్ థయోల్. లీటరు నీళ్ళలో నానోగ్రాముల లెక్కలో ఉన్నా ముక్కు దాన్ని పసిగడుతుంది. గింజ వేయించినప్పుడు ఇది పుడుతుంది, దాంతోపాటే మెలనాయిడిన్లు అనే నల్లటి పెద్ద అణువులు కూడా పుడతాయి, డికాషన్‌కు ఆ రంగు వచ్చేది ముఖ్యంగా వీటివల్లే. ఇక్కడే ఉంది తమాషా. పొడిలో ఉన్నంతసేపూ ఇద్దరూ బుద్ధిగా ఉంటారు. వేడి నీళ్ళు పడి ఇద్దరూ ఒకే గిన్నెలోకి దిగాక మెలనాయిడిన్లు ఆ థయోల్‌ను పట్టుకుని తమకు అతికించేసుకుంటాయి. అతుక్కున్న అణువు గాల్లోకి లేవదు, గాల్లోకి లేవనిది ముక్కుకు చేరదు. అంటే కాఫీ వాసనను తినేసేది కాఫీ రంగే! మూత గట్టిగా పెడితే వాసన పోదని మనం అనుకుంటాం, ఫ్లాస్కులో పోసి బిరడా బిగించి తీసుకెళ్తాం. దొంగ ఇంట్లోనే ఉన్నప్పుడు తలుపుకు ఎన్ని తాళాలు వేసి ఏం లాభం?

రెండో సంగతి పులుపు. కాఫీ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లాలు దండిగా ఉంటాయి, వేయించినప్పుడు అవి విరిగి కొంత భాగం లాక్టోన్లు అనే వలయాలుగా మారతాయి. డికాషన్ వేడిగా నిలవ ఉన్నకొద్దీ ఆ వలయాలు నీళ్ళతో తెరుచుకుని మళ్ళీ క్వినిక్ ఆమ్లంలాంటివి అవుతాయి, పీహెచ్ దిగుతుంది, నాలుకకు ఒకరకం పాత పులుపు తగులుతుంది. రంగు మాత్రం చెక్కుచెదరదు. కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి, అదే చికోరీ, ఉంటే మరీనూ. మన నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే చికోరీ 49 దాకా ఉండొచ్చు. చికోరీలో నీళ్ళలో కరిగే భాగం కాఫీలోకన్నా రెట్టింపుకు పైనే. కాబట్టి చిక్కగా నల్లగా ఉందని మురిసిపోకండి. ఆ నలుపు వయసు చెప్పదు.

మరి ఎవరు చెబుతారు? తిరుపతివాళ్ళకు బాగా తెలిసిన లెక్కే చెబుతుంది. రోజూ టీవీ కింద స్క్రోలింగ్‌లో వస్తుంది కదా, ఇన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు అని. ఆ గంటలు ఎలా వస్తాయి? లోపల 20 వేల మంది ఉన్నారనుకుందాం, గంటకు 4 వేల మందికి దర్శనం అవుతోందనుకుందాం, అయితే సగటున 5 గంటలు. లోపలున్న సంఖ్యను గంటకు బయటికొచ్చే సంఖ్యతో భాగించడం, అంతే. ఇంత తేలిక విషయాన్ని ఎలాంటి క్యూకైనా వర్తించేలా గణితంగా రుజువు చేసినాయన జాన్ లిటిల్, అది 1961లో. అందుకే దీన్ని లిటిల్ సూత్రం అంటారు. పిల్లలకు క్లాసులో చెప్పినప్పుడు "ఇది కూడా ఒక సూత్రమేనా సార్" అని నవ్వుతారు. నవ్వనీ. క్యూలో ఎవరెప్పుడు వచ్చారు, మధ్యలో ఎంత తోపులాట జరిగింది, ఏదీ అక్కర్లేకుండా, రావడం పోవడం ఒక నిలకడలో ఉంటే చాలు, జవాబు ఇచ్చేస్తుంది. అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు అదే సూత్రాన్ని డికాషన్ గిన్నె మీద పెట్టండి. గిన్నెలో 3 లీటర్లు, కప్పుకు 30 మిల్లీలీటర్లు, అంటే 100 కాఫీలు. తగ్గినప్పుడల్లా నింపుతున్నారు. పొద్దున గంటకు 200 కాఫీలు పోతాయనుకుంటే డికాషన్ సగటు వయసు అరగంట. మధ్యాహ్నం గంటకు 20 పోతే 5 గంటలు. మా బావమరిది కేసు తేలిపోయింది! నేను తాగింది అరగంట కాఫీ, అతను తాగింది ఐదు గంటల కాఫీ, బోర్డు మీద పేరు మాత్రం ఒకటే.

అయితే సగటు అన్నాను, అసలు గొడవంతా ఆ సగటులోనే ఉంది. క్యూ కాంప్లెక్స్‌లో ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్తారు. గిన్నెలో అలా ఉండదు, పాతదాని మీద కొత్తది పోయగానే రెండూ కలిసిపోతాయి, మాస్టర్ గరిటె ముంచినప్పుడు ఏది ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. దీనికి కెమికల్ ఇంజనీర్ల దగ్గర పక్కా లెక్క ఉంది. బాగా కలిసిపోయే తొట్టిలో పాత సరుకు ఘాతీయంగా తగ్గుతుంది: ఒక సగటు వయసంత సమయం గడిచాక కూడా మొదట ఉన్నదాంట్లో 37 శాతం అక్కడే ఉంటుంది, రెండింతలు గడిస్తే 14 శాతం, మూడింతలు గడిస్తే 5 శాతం. సగటు 5 గంటలున్న కొట్టు తెల్లవారుజామున 4 గంటలకు తెరిచి గిన్నె నింపితే, 9 గంటలకు మీరు తాగే కప్పులో మూడో వంతుకు పైగా సుప్రభాతం నాటి డికాషనే. కంపార్ట్‌మెంట్లలో కూడా మనుషుల్ని డికాషన్ మాదిరిగా కలిపేసి పంపితే ఎలా ఉంటుందో ఊహించండి, సోమవారం వచ్చిన భక్తుడు ఒకాయన శుక్రవారం కూడా అక్కడే నిలబడి ఉంటాడు పాపం.

కాబట్టి కొట్టు దగ్గర చూడాల్సింది ఒకటి: గిన్నె ఖాళీ చేసి కడిగి కొత్తది తీస్తున్నారా, పాతదాని మీదే పోస్తున్నారా. ఖాళీ చేసేవాడు దొరికితే దండం పెట్టండి.

ఇక్కడ గ్రహణం గురించి ఒక మాట చెప్పాలి. గ్రహణం వేళ వండింది విషమైపోతుందని, డికాషన్‌లో కూడా దర్భ వేసి పెట్టేవాళ్ళు మా వీధిలో ఉన్నారు. చంద్రుడి నీడ పడితే ఆమ్లాలు పెరగవు, థయోల్ పారిపోదు, ఆ దర్భ పుల్లకు చేసే పని ఏమీ లేదు. నేను ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. కానీ గ్రహణం విడిచాక ఏం చేస్తారు? కొట్లు మూసినవాళ్ళు గిన్నెలన్నీ కడిగి, ఉన్నదంతా పారబోసి, స్నానం చేసి వచ్చి కొత్త డికాషన్ తీస్తారు. అంటే ఊరు ఊరంతా డికాషన్ వయసు ఒక్కసారిగా సున్నా! గ్రహణం తర్వాత మొదటి కాఫీ రుచే వేరు అని మా అమ్మ అనేది. కారణం తప్పు, రుచి సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం.

వేడి సంగతి కలపకపోతే ఈ లెక్క సగమే. చాలా రసాయన చర్యలు ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపు వేగం అందుకుంటాయి. ఉజ్జాయింపు లెక్కే, అయినా పనికొస్తుంది. 30 డిగ్రీల దగ్గర పక్కన పెట్టిన డికాషన్‌ను, వేడి నీళ్ళ తొట్టిలో 80 డిగ్రీల దగ్గర నిలబెట్టిన డికాషన్‌ను పోల్చండి. మధ్యలో ఐదు పదులున్నాయి, రెండును ఐదుసార్లు హెచ్చిస్తే 32. తొట్టిలో ఒక గంట ఉంటే బయట 32 గంటలు ఉన్నట్టు! డికాషన్ చల్లగా పక్కన పెట్టుకుని, పాలు మాత్రం పొంగేలా కాచి కలిపే మాస్టర్‌ను చూసి "పాత పద్ధతి" అనుకుంటాం కానీ వాడే తెలివైనవాడు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద కుళాయి క్యాన్లలో పాలతో సహా కలిపి పొద్దున్నుంచీ వేడిగా ఉంచే కాఫీ గురించి ఇంక నేను ఏం చెప్పను, తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే బండిలో ఒకసారి తాగాను, కాట్పాడి దాకా నోట్లోనే ఉంది.

రద్దీ ఉన్న చోట మంచి కాఫీ ఉంటుందని పెద్దవాళ్ళు చెప్పే మాట సగం నిజమేనని కూడా ఈ సూత్రమే చెబుతుంది. చెన్నై రోడ్డులో పుత్తూరు, నగరి దాటాక వరసగా డిగ్రీ కాఫీ బోర్డులు కనిపిస్తాయి. డిగ్రీ అంటే పాల చిక్కదనాన్ని కొలిచే లాక్టోమీటర్ డిగ్రీ అని కొందరు, చికోరీ అన్న మాటే నోళ్ళలో నాని అలా అయిందని కొందరు, మొదటి డికాషన్ అని ఇంకొందరు, ఎవరి వాదన వాళ్ళది. అలాంటి చోట నాలుగు బస్సులు ఆగి ఉంటాయి, జనం కిటకిట. కానీ లోపల 20 లీటర్ల క్యాను పెట్టుకుని ఉంటే? కప్పుకు పాతిక మిల్లీలీటర్లంటే 800 కాఫీలు, గంటకు 100 పోయినా 8 గంటల వయసు. అదే చిత్తూరులో ఒక సందులో ఇంటి ఫిల్టర్ అంత గిన్నె పెట్టుకుని ఒకాయన కాఫీ కలుపుతాడు. పది కాఫీలకు మించి అందులో ఉండదు, గంటకు ఇరవై మంది కూడా రారు అనుకున్నా ముప్పై నలభై నిమిషాల వయసు. జనాన్ని ఒక్కటే చూడకండి, జనాన్ని గిన్నెతో కలిపి చూడండి.

కొండ మీద కాఫీకి ప్రత్యేకమైన రుచి ఉంటుందని, అది తీర్థం మహిమని చెప్పేవాళ్ళున్నారు. స్వామి మహిమ గురించి మాట్లాడేంతటివాణ్ణి కాను, నీళ్ళ గురించైతే మాట్లాడతాను. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాఫీ పొడిలోంచి సారం దిగడానికి 90 నుంచి 96 బాగా సరిపోతుంది కాబట్టి ఆ మూడు డిగ్రీలు తగ్గినందువల్ల నష్టమేమీ లేదు, గొప్ప లాభమూ లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి చలిగాలిలో నిలబడ్డవాడికి వేడిగా ఏదిచ్చినా ప్రత్యేకంగానే ఉంటుంది. దానికితోడు అక్కడ రాత్రి రెండింటికి కూడా కాఫీ పోతూనే ఉంటుంది, గిన్నెలో నిలవ ఉండే తీరికే ఉండదు. మిగతా ఊళ్ళలో మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా గండం. నాలుగు దాటాక, సాయంత్రం రద్దీ కోసం కొత్త డికాషన్ దించినప్పుడు వెళ్ళండి. వెళ్ళి "వితౌట్" చెప్పండి. పాలలోని ప్రోటీన్ వగరును పట్టి దాచేస్తుంది, దాని మీద చక్కెర కూడా పడితే పాత డికాషన్‌ను నాలుక పట్టుకోలేదు.

ఇదంతా ఈసారి బావమరిదికి ఫోన్లో అరగంట పాఠం చెప్పాను. కాణిపాకం వెళ్ళి వస్తూ దారిలో ఒక కొట్టు దగ్గర ఆగి మెసేజ్ పెట్టాడు: "పది నిమిషాల్లో 14 గ్లాసులు పోయినాయి. గిన్నె లీటరు ఉంటుంది. తాగొచ్చా?" లీటరంటే పాతిక చొప్పున 40 కాఫీలు, గంటకు 84, అంటే ఇంచుమించు 28న్నర నిమిషాలు. "నిస్సందేహంగా తాగు" అని పెట్టాను. కాసేపటికి ఫోన్ చేశాడు.

"బావా, డికాషన్ ఎప్పుడు దించినారని మాస్టర్‌ను అడిగినా. ఎందుకు సామీ అన్నాడు. నీ లెక్క మొత్తం వివరంగా చెప్పినా."

"ఏమన్నాడు?"

"నువ్వు లెక్కపెట్టిన గ్లాసుల్లో సగం టీలు సామీ అన్నాడు."

అంటే 57 నిమిషాలు.