గర్భసంచి తీసేశాక కూడా స్మియర్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

"గర్భసంచే లేదు కదా మేడమ్, ఇంకా టెస్టు దేనికి?"

గైనకాలజీ ఓపీలో స్మియర్ గురించి, అంటే గర్భాశయ ముఖద్వారం లేదా యోని గోడ నుంచి కణాలు తీసి చూసే పరీక్ష గురించి, నేను చాలాసార్లు విన్న ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. చాలామంది విషయంలో "మీరన్నది నిజమే, అక్కర్లేదు" అనే నేనూ చెబుతాను. కొందరికి మాత్రం పాతికేళ్లపాటు పరీక్షలు అవసరమవుతాయి. ఎవరు ఏ కోవలోకి వస్తారో పొట్ట మీద కుట్టు చూసి చెప్పలేం. ఆపరేషన్ ఎందుకు చేశారు, తీసిన భాగాన్ని ల్యాబ్‌లో చూసినప్పుడు ఏం కనబడింది అన్నది తెలియాలి. అది ఉండేది బయాప్సీ రిపోర్టులో. చాలామంది పారేసుకునేదీ ఆ కాగితాన్నే.

అపోహ: గర్భసంచి పోయింది కాబట్టి ముఖద్వార క్యాన్సర్ లాంటి జబ్బు రావడానికి ఇక చోటే లేదు.

గడ్డల వల్లో, అధిక రక్తస్రావం వల్లో, గర్భసంచి జారడం వల్లో ఆపరేషన్ జరిగిందనుకుందాం. ముఖద్వారం కూడా తీసేశారు, ముందెప్పుడూ తీవ్రమైన క్యాన్సర్ ముందస్తు మార్పులు లేవు. అలాంటివారికి స్మియర్ అవసరం లేదు. అలవాటుగా చేసే స్మియర్ వల్ల వారికి ఖర్చు, టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

రిపోర్టులో సీఐఎన్ 2, సీఐఎన్ 3, హెచ్‌సిల్ లేదా ఏఐఎస్ అనే మాటలున్నవారి సంగతి వేరు. ఇవన్నీ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తీవ్రమైన మార్పుల పేర్లు. ఈ మార్పులకు దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరసే కారణం. గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉండే పలచటి పొర అక్కడితో ఆగిపోదు, యోని లోపలి గోడగా కొనసాగుతుంది. కలుపు పట్టిన మడిని దున్నేసినంత మాత్రాన పక్క మడిలో పడ్డ విత్తనం పోదు కదా. యోని గోడలో ఇలాగే వచ్చే ముందస్తు మార్పులను వెయిన్ అంటాం. ఇవి ఎక్కువగా యోని పైభాగంలో, కుట్లు వేసిన చోటికి దగ్గర్లోనే కనిపిస్తాయి. నొప్పి ఉండదు, సాధారణంగా రక్తం కనబడదు, తెల్లబట్ట కూడా మారకపోవచ్చు. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేసి వెతుకుతాం.

అలాగని భయపడాల్సిన పని లేదు. యోని క్యాన్సర్ అరుదైనది, స్త్రీ జననాంగాల క్యాన్సర్లలో 1 నుంచి 2 శాతమే. మీకు ముప్పు మిగతావారికన్నా కొంత ఎక్కువ అన్నదే ఇక్కడ విషయం. ముందస్తు మార్పు దశలో దొరికితే లేజర్‌తోనో, పైపూత మందుతోనో, చిన్న ముక్క తీసేసో అక్కడికక్కడే సరిచేయవచ్చు.

అపోహ: అంచులు క్లియర్ అని రిపోర్ట్ వచ్చింది, ఇక డాక్టర్‌తో పని లేదు.

అంచులు క్లియర్ అంటే కచ్చితంగా శుభవార్తే. మార్పు ఉన్న భాగం అంతా తీసిన ముక్కలోనే ఉందని, చుట్టూ మంచి కణజాలం ఉందని అర్థం. కానీ అది ఆ రోజు తీసిన ముక్క గురించి చెప్పే మాట. లోపల మిగిలిన పొరలో వైరస్ ఉందో లేదో అది చెప్పదు.

ఎన్నాళ్లు చూడాలన్న దానిపై అన్ని దేశాలదీ ఒకే మాట కాదు. అంచులు పూర్తిగా క్లియర్ అయితే కొద్దిపాటి పరీక్షలతో ఆపేసే పద్ధతులున్నాయి. 2019లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు మాత్రం జాగ్రత్త వైపు మొగ్గుతాయి. వాటి ప్రకారం మొదట మూడేళ్లు ఏడాదికోసారి హెచ్‌పీవీ ఆధారిత పరీక్ష (తీసిన కణాల్లో ఆ వైరస్ ఉందేమో చూసేది) చేస్తారు. మూడూ నెగెటివ్ వస్తే ఆ తర్వాత మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్లపాటు. వయసు 65 దాటినా, ఆరోగ్యం సహకరిస్తుంటే ఆ లెక్క పూర్తి చేయమనే అంటారు. "ఈ వయసులో నాకెందుకమ్మా" అనే పెద్దవాళ్లకు నేను ఇదే చెబుతాను: ఇక్కడ లెక్కపెట్టేది మీ వయసును కాదు, ఆ మార్పులకు చికిత్స జరిగి ఎన్నేళ్లయిందన్నది. హెచ్‌ఐవీ ఉన్నవారికి, అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఇంకా దగ్గర దగ్గరగా చూడాల్సి ఉంటుంది. మీ షెడ్యూల్ ఏమిటో మీ రిపోర్ట్ చూసిన డాక్టర్‌నే అడగండి.

అపోహ: ఏటా స్కానింగ్ చేయించుకుంటున్నాను, అది చాలు.

చాలదు. ఈ మార్పులు పొర మందంలో, కణాల స్థాయిలో ఉంటాయి. అవి స్కానింగ్‌లో కనబడవు, రక్తపరీక్షలోనూ తెలియవు.

అపోహ: గర్భసంచి తీశారంటే ముఖద్వారం కూడా తీసినట్టే.

అన్నిసార్లూ కాదు. కొన్ని ఆపరేషన్లలో పైభాగం మాత్రమే తీసి ముఖద్వారాన్ని ఉంచేస్తారు. ఈ సంగతి తెలియని ఆడవాళ్లు ఎందరో! అలాంటివారు అందరిలాగే మామూలు స్క్రీనింగ్ కొనసాగించాలి. డిశ్చార్జ్ సమ్మరీలో "టోటల్" (ముఖద్వారంతో సహా తీశారు) అని ఉందా, "సబ్‌టోటల్" (ముఖద్వారం ఉంచారు) అని ఉందా చూసుకోండి. కాగితం లేకపోతే లోపల పరీక్ష చేస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. అండాశయాలు ఉంచారా తీశారా అన్నదానికీ ఈ పరీక్షకూ సంబంధం లేదు.

అపోహ: హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ వచ్చినట్టే, లేదా ఇంట్లో ఎవరో తప్పు చేసినట్టే.

ఈ రెండో మాట వల్ల ఎన్ని కాపురాల్లో చిచ్చు రేగుతుందో ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది. హెచ్‌పీవీ ఎంత సాధారణమంటే, లైంగిక జీవితం మొదలైనవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని అణచివేస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, వయసు మీదపడ్డాక మళ్లీ పరీక్షలో కనబడుతుంది. ఎప్పుడు సోకింది, ఎవరి నుంచి సోకింది అన్నది ఏ ల్యాబూ చెప్పలేదు. ఆ రిపోర్ట్ పట్టుకుని భార్యాభర్తలు ఒకరినొకరు నిలదీసుకోవడం అనవసరం.

పాజిటివ్ వస్తే తర్వాత మేం చేసేది కాల్పోస్కోపీ. లోపల పలచటి అసిటిక్ ఆమ్లం, ఆపైన అయోడిన్ పూసి, పెద్దది చేసి చూపే పరికరంతో గోడంతా చూస్తాం. మంచి పొర అయోడిన్‌ను పీల్చుకుని ముదురు గోధుమ రంగుకు మారుతుంది, తేడా ఉన్న చోటు లేత పసుపుగానే ఉండిపోతుంది. కుట్లకు రెండు పక్కలా మూలల్లో ముడతలుంటాయి, మాలో మేం కుక్కచెవులు అని పిలుచుకుంటాం. మార్పులు దాక్కునేది తరచుగా ఆ సందుల్లోనే. అందుకే ఆ మూలల దగ్గర కాస్త ఎక్కువసేపు పడితే విసుక్కోకండి.

నెలసరి ఆగిపోయాక పొర పలచబడి, ఎండిపోయి ఉంటుంది. స్మియర్‌లో కణాలు తేడాగా కనబడటానికి ఒక్కోసారి ఆ పొడిదనమే కారణం. తగినవారికి కొన్ని వారాలు ఈస్ట్రోజెన్ క్రీమ్ వాడించి మళ్లీ చేస్తే రిపోర్టూ స్పష్టంగా వస్తుంది, పరీక్షా అంతగా నొప్పించదు. నొప్పికి భయపడేవారు ముందే చెబితే లోపల చూడటానికి పెట్టే పరికరం, స్పెక్యులమ్, చిన్న సైజుది వాడతాం.

అపోహ: స్మియర్‌లో ఏ తేడా వచ్చినా గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇది. సీఐఎన్ 1 అనే స్వల్ప మార్పు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. సీఐఎన్ 2, 3 ఉన్నా మొదటి చికిత్స సాధారణంగా లీప్ (కరెంటు తీగతో కోసే పద్ధతి) లేదా కోన్ (శంకువు ఆకారంలో ముక్క తీసే పద్ధతి) ద్వారా ఆ కాస్త భాగాన్ని తీసేయడమే. పిల్లలు ఇక వద్దనుకున్నవారికి ఏఐఎస్ ఉన్నప్పుడు, అంచుల్లో జబ్బు మిగిలి మళ్లీ కోన్ చేయడానికి వీలు లేనప్పుడు, వేరే కారణం కూడా ఉన్నప్పుడు గర్భసంచి తీయడం సబబే. దానికి ముందు లోపల అసలు క్యాన్సరే దాగి లేదని బయాప్సీతో నిర్ధారించుకోవాలి. ఆ పని చేయకుండా మామూలు ఆపరేషన్ చేసేస్తే, తర్వాత క్యాన్సర్ బయటపడినప్పుడు చికిత్స చిక్కుల్లో పడుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత బయాప్సీ రిపోర్ట్ చేతికి వచ్చేదాకా అడగడం మానకండి.

ఇక హెచ్‌పీవీ టీకా గురించి. అది కొత్తగా సోకే రకాలను ఆపుతుంది, ఉన్న వైరస్‌ను తీసేయదు. టీకా వేయించుకున్నా పరీక్షల షెడ్యూల్ మారదు. పొగతాగే అలవాటు ఉంటే మానేయడం మాత్రం నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే వైరస్ వదలకుండా ఉండటానికి పొగాకు తోడ్పడుతుంది.

ఆపరేషన్ తర్వాత రక్తం మరకలు, కలయిక తర్వాత బ్లీడింగ్, దుర్వాసనతో స్రావం కనబడితే తర్వాతి టెస్టు తేదీ దాకా ఆగకండి. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో అయితే చాలాసార్లు అది కుట్ల దగ్గర పెరిగిన చిన్న కండ మాత్రమే, సిల్వర్ నైట్రేట్ అద్దితే పోతుంది. కానీ ఆ మాట ఫోన్‌లో చెప్పలేను. చూశాకే చెప్పగలను.