నేరాల సంఖ్యతో ప్రాసిక్యూటర్ పనితీరును కొలవవచ్చా? అపోహలు - వాస్తవాలు

మన రాష్ట్రాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్లను ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో మాత్రం అత్యధిక రాష్ట్రాల్లో స్థానిక ప్రాసిక్యూటర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. అక్కడ పౌరసత్వం పొందిన తెలుగువారి బ్యాలెట్ మీదా ఆ ప్రాసిక్యూటర్ పదవి, అంటే డిస్ట్రిక్ట్ అటార్నీ పదవి ఉంటుంది. నేర గణాంకాల విశ్లేషణ నా వృత్తి కాబట్టి, ఎన్నికల సమయంలో చాలామంది నన్ను అడిగేది ఒక్కటే: "ఈయన వచ్చాక నేరాలు పెరిగాయా, తగ్గాయా?" ఆ ప్రశ్న వెనుక కొన్ని అపోహలు ఉన్నాయి.

అపోహ: హత్యలు పెరిగితే ప్రాసిక్యూటర్ విఫలమైనట్టే.

వాస్తవం: ఫిలడెల్ఫియానే తీసుకుందాం. కఠిన శిక్షల కన్నా సంస్కరణలకు మొగ్గు చూపే లారీ క్రాస్నర్ 2018 జనవరిలో అక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీగా బాధ్యతలు చేపట్టారు. అంతకుముందు ఏడాది ఆ నగరంలో 315 హత్యలు జరగగా, 2021లో 562 జరిగాయి, 2024లో 269కి తగ్గాయి. ఈ మూడింటిలో మధ్య అంకెను మాత్రమే చూపి ఆయనను తప్పుపట్టడం ఎంత అన్యాయమో, చివరి అంకెను మాత్రమే చూపి ఆయనకు ఘనత కట్టబెట్టడమూ అంతే అన్యాయం. 2020లో దేశవ్యాప్తంగా హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి; కఠినంగా వ్యవహరించే ప్రాసిక్యూటర్లున్న చోట్ల కూడా పెరిగాయి. అందువల్ల ఒక నగరాన్ని దాని గతంతో పోల్చితే చాలదు, అదే సంవత్సరాల్లో అలాంటి ఇతర నగరాల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. అప్పుడు సైతం ఏ నగరాలతో పోల్చామన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది; ఫిలడెల్ఫియా విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాకపోవడానికి అదొక ముఖ్య కారణం.

అపోహ: పోలీసుల వద్ద నమోదైనవే జరిగిన నేరాలు.

వాస్తవం: బాధితుల సర్వేల ప్రకారం అమెరికాలో హింసాత్మక నేరాల్లో సగానికి పైగా పోలీసుల దాకా రావడం లేదు. 2021 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణ దొంగతనాల ఫిర్యాదులు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ఒకే ఒక దుకాణం తన ఫిర్యాదుల పద్ధతిని మార్చుకోవడమే దానికి ప్రధాన కారణం. అప్పటి డిస్ట్రిక్ట్ అటార్నీ చేసా బౌడిన్‌ను పదవి నుంచి తొలగించాలన్న ప్రచారం నడుస్తున్న రోజులవి. 2022 జూన్‌లో ఓటర్లు ఆయనను తొలగించారు కూడా. ఇక 2021లోనే, దేశ నేర గణాంకాలను సేకరించే ఎఫ్‌బీఐ కొత్త నమోదు విధానానికి మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసు విభాగాల లెక్కలు దేశ గణాంకాల్లో చేరలేదు. ఆ సంవత్సరంతో ఏదైనా పోలిక చెప్పేవారిని ముందుగా ఈ సంగతి అడగాలి.

అపోహ: ప్రాసిక్యూటర్ మెతకగా ఉండటం వల్లే దొంగలకు శిక్ష పడటం లేదు.

వాస్తవం: నిందితుడు పట్టుబడ్డాకే కేసు ప్రాసిక్యూటర్ చేతికి వస్తుంది. 2022లో అమెరికాలో నమోదైన ఆస్తి నేరాల్లో పోలీసులు ఛేదించినవి సుమారు 12 శాతమే. మిగిలిన కేసుల్లో ఎంత కఠినుడైన ప్రాసిక్యూటర్ అయినా చేయగలిగింది ఏమీ లేదు.

అపోహ: శిక్షల శాతం ఎక్కువైతే సమర్థుడు.

వాస్తవం: బలమైన సాక్ష్యాలున్న కేసులనే ఎంచుకుంటే ఆ శాతం దానంతటదే పెరుగుతుంది. సాక్షులు భయపడే కష్టమైన కేసును ధైర్యంగా కోర్టుకు తీసుకెళ్లిన అధికారికి అదే శాతం తగ్గుతుంది. ఈ కొలమానాన్ని ఒంటరిగా వాడటాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

అయితే ప్రాసిక్యూటర్ నిర్ణయాల ప్రభావాన్ని అసలు కొలవలేమని కాదు. బోస్టన్ ఉన్న సఫోక్ కౌంటీలో చిన్న కేసులు ఏ సహాయ ప్రాసిక్యూటర్ ముందుకు వెళ్తాయన్నది దాదాపు యాదృచ్ఛికం. పరిశోధకులు దాన్ని ఆధారం చేసుకుని, హింస లేని చిన్న నేరాల్లో అభియోగం ఎదుర్కోనివారు తర్వాతి రెండేళ్లలో మళ్లీ కేసుల్లో చిక్కుకోవడం తక్కువని చూపారు. ఇది అభియోగం మోపాలా వద్దా అన్నది అటో ఇటో తేలని కేసుల గురించిన ఫలితమే. కరుడుగట్టిన నేరస్తులకు దీన్ని వర్తింపజేయకూడదు.

ఓటరు అడగవలసింది కార్యాలయం చేతిలో ఉన్న అంశాల గురించి: ఎన్ని కేసులను తిరస్కరించారు, ఏ కారణంతో, అభియోగం నుంచి తీర్పు దాకా ఎంత కాలం పట్టింది, బాధితులకు సమాచారం అందిందా? షికాగో ఉన్న కుక్ కౌంటీ కార్యాలయం 2018లో తీవ్ర నేరాల కేసులవారీ వివరాలను ప్రజలందరికీ అందుబాటులో ఉంచింది. వాటిని చదివేటప్పుడు కూడా, దుకాణ దొంగతనాన్ని తీవ్ర నేరంగా పరిగణించే పరిమితిని ఆ కార్యాలయం 2016 డిసెంబరులో 300 డాలర్ల నుంచి 1,000 డాలర్లకు పెంచిందని గుర్తుంచుకోవాలి. లేకపోతే ఆ తర్వాత తగ్గిన కేసుల సంఖ్యను దొంగతనాలే తగ్గినట్టు పొరబడతాం.