అరువు పేరు వెనుక అసలు మనిషి: కియరొస్తమీ ‘క్లోజప్’ నేపథ్యం

1989లో టెహ్రాన్‌లో బయటపడిన ఒక చిన్న మోసం కేసు ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తమీ సినిమా దారిని మలుపు తిప్పింది. స్థిరమైన ఉపాధి లేని ప్రింటింగ్ ప్రెస్ కార్మికుడు, సినిమాలంటే ప్రాణం పెట్టే హొసేన్ సబ్జియాన్, బస్సులో పరిచయమైన ఒక గృహిణికి తానే ప్రఖ్యాత దర్శకుడు మొహ్సెన్ మఖ్మల్‌బాఫ్‌నని చెప్పుకుని, ఆమె కుటుంబాన్ని తన తదుపరి చిత్రంలో నటింపజేస్తానని నమ్మించి, వాళ్ళింటికి రాకపోకలు సాగించి, చివరికి అరెస్టయ్యాడు. పత్రికలో ఆ కథనం చదివిన కియరొస్తమీ చేతిలో ఉన్న సినిమాను పక్కన పెట్టి, న్యాయమూర్తి అనుమతితో విచారణను చిత్రీకరించారు. 1990లో వచ్చిన ‘క్లోజప్’ అలా పుట్టింది.

మామూలు మనుషుల బతుకుల మీద ఈ ఆసక్తి ఆయనకు అప్పటికప్పుడు కలిగింది కాదు. బాలల, యువజనుల వికాసం కోసం ఏర్పడిన ‘కానూన్’ సంస్థలో 1970 నుంచీ ఆయన నటన నేర్వని పిల్లలతో, మామూలు మనుషులతో సినిమాలు తీస్తూ వచ్చారు. 1974 నాటి ‘మొసాఫెర్’లో, ఫుట్‌బాల్ మ్యాచ్ చూడడానికి డబ్బు కావలసిన ఒక కుర్రాడు రీలు లేని కెమెరాతో తోటి పిల్లల ఫొటోలు తీస్తున్నట్టు నటించి పైసలు వసూలు చేస్తాడు. కోర్టులో సబ్జియాన్ తనను ఆ కుర్రాడితోనే పోల్చుకున్నాడు. అబద్ధమాడిన మనిషిని నిలదీయడానికి ముందు, ఆ అబద్ధం అతని బతుకులో ఏ లోటును పూడ్చిందని అడగడమే కియరొస్తమీ పద్ధతికి మూలమని నేను భావిస్తాను.

నిందితుడు, ఫిర్యాదుదారులు, కథనం రాసిన విలేఖరి అందరూ తెర మీద తమ పాత్రలే ధరించారు. అరెస్టు ఘట్టాన్ని మళ్ళీ నటింపజేశారు. కోర్టులో ఒక కెమెరాను సబ్జియాన్ ముఖం మీదే నిలిపి, సులువుగా అర్థం కానివేమైనా ఉంటే దానికి చెప్పుకోమని సూచించారు. దర్శకుడిగా చలామణీ అయిన రోజుల్లో తన మాటను మన్నించారని, ఆ ఇల్లు దాటితే తాను మళ్ళీ మునుపటి పేదవాడేనని అతను చెప్పుకున్నాడు. న్యాయమూర్తి వెళ్ళిపోయాక కూడా చిత్రీకరణ కొనసాగింది కాబట్టి, ఆ దృశ్యాల్లో ఏది జరిగింది, ఏది జరిపించింది అన్న చర్చ సహజంగానే తలెత్తింది. అసలు మఖ్మల్‌బాఫ్ వచ్చి సబ్జియాన్‌ను కలిసే చివరి ఘట్టంలో మైకు చెడినట్టు మాటలు తెగిపోవడం కూడా కావాలని చేసిందే. ఇది ప్రేక్షకుణ్ణి మోసగించడమేనన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయినా ఆ మాటలు వాళ్ళిద్దరి సొంతం, వాటిని మనకు పూర్తిగా వినిపించకపోవడంలో ఒక మర్యాద ఉంది.

1990 జూన్‌లో ఉత్తర ఇరాన్‌ను కుదిపేసిన భూకంపం తర్వాత ఆయన ఇదే పద్ధతిని అక్కడి కోకర్ గ్రామ ప్రాంతానికి తీసుకెళ్ళారు. 1987లో అక్కడ తీసిన చిత్రంలోని పిల్లలు బతికున్నారో లేదోనని వెతుకుతూ వెళ్ళే దర్శకుడి కథను 1992లోనూ, ఆ చిత్రీకరణ వెనుక నడిచిన ప్రేమకథను 1994లోనూ తెరకెక్కించారు. 2010లో ఇటలీలో తీసిన చిత్రంలోనైతే, అసలుకూ నకలుకూ ఉన్న విలువ గురించి వాదించుకునే స్త్రీపురుషులు కొత్తగా పరిచయమైనవారో, పదిహేనేళ్ళ దంపతులో కూడా ఆయన తేల్చి చెప్పలేదు.