అల్యూమినియం అతుకు ఎందుకు పగులుతుంది?

నార్కట్‌పల్లి, మిర్యాలగూడ రోడ్ల మీద ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపులో బైకు ఇంజన్ కేసు, గేటు ఫ్రేము, ట్యాంకర్ రేకు పక్కపక్కనే పెడితే మూడూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. ఒకే రాడ్డుతో అన్నిటినీ అతికేస్తే మాత్రం ఇబ్బందే. అతుకు చూడ్డానికి నున్నగా ఉంటుంది, చల్లారాక మధ్యలో వెంట్రుకంత గీత పడుతుంది.

ఆ గీత గడ్డకట్టేటప్పుడే పుడుతుంది. కరిగిన అల్యూమినియం గట్టిపడుతూ సుమారు 6 శాతం కుంచించుకుపోతుంది. చివరి ఘడియల్లో లోహపు రేణువుల మధ్య పల్చటి ద్రవపు పొర మాత్రమే మిగులుతుంది. అటూ ఇటూ లాగేసరికి ఆ పొర దగ్గరే చీలుతుంది. 6061 అనే నంబరున్న అల్యూమినియం మిశ్రమంలో మెగ్నీషియం, సిలికాన్ కలిపి సుమారు ఒకటిన్నర శాతం ఉంటాయి. పగుళ్లు ఎక్కువగా వచ్చే మోతాదు దాదాపు అక్కడే. అందుకే దాన్ని రాడ్డు లేకుండా ఉత్త వేడితో కరిగించి కలపకూడదు. రాడ్డు అంటే సందు నింపే లోహం మాత్రమే కాదు, అతుకులోని మిశ్రమాన్నే మార్చే మందు.

4043 రాడ్డులో 5 శాతం సిలికాన్ ఉంటుంది. బాగా పారుతుంది, చీలబోయే చోటికి ద్రవం చేరి పూడ్చేస్తుంది. ఇంజన్ కేసుల వంటి సిలికాన్ ఉన్న పోతలకు, 6061కి నన్నడిగితే ముందు చేతికి తీసుకోవాల్సింది ఇదే. అయితే అనోడైజింగ్ (కరెంటుతో పైన రక్షణ పొర పెంచడం) చేయిస్తే అతుకు ముదురు బూడిద రంగు చారలా తేలుతుంది.

రంగు కలవాలన్నా, బరువు మోసే మూల అతుకులకు బలం కావాలన్నా 5 శాతం మెగ్నీషియం ఉన్న 5356 మేలు. ట్యాంకర్లలో వాడే 5083 రేకుకీ ఇదే నయం. అక్కడ 4043 వాడితే మెగ్నీషియం, సిలికాన్ కలిసి అతుకు పెళుసవుతుంది. కానీ 65 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువకాలం ఉండే భాగానికి 5356 వద్దు. లోపల్లోపల తుప్పు పట్టి, ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది.

ఏ రాడ్డు వాడినా, అతికే లోహం పైన గాలి తగిలి ఏర్పడిన ఆక్సైడ్ పొరను ముందు స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకాలి. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పొరకు 2,000 పైనే కావాలి.

7075 అనే మిశ్రమం అయితే మామూలు ఆర్గాన్ వెల్డింగ్‌కి లొంగదు, ఈ రెండు రాడ్లూ దాన్ని కాపాడలేవు. దానికి బోల్టో, రివెట్టో వేయించుకోవడమే మంచిది.